వారానికోసారి బఫర్ వేస్తే ఆల్క్ ఎందుకు నిలవదు: 75 గ్యాలన్ల రీఫ్ ట్యాంకు లెక్క

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ రాస్తున్నాను, తర్వాత చదివేవాళ్లకు పనికొస్తుంది. డాలస్ దగ్గర ఇల్లు. పగడాలు (కోరల్స్) పెంచే 75 గ్యాలన్ల ఉప్పునీటి ట్యాంకు, కింద సంప్ (ఫిల్టర్ సామాన్లు ఉండే రెండో తొట్టి), పెట్టి ఏడాదిన్నర. కోరల్స్‌లో మాంటిపోరాలు, రెండు ఆక్రోపోరాలు, కొన్ని హ్యామర్లు ఉన్నాయి. ఆదివారం బఫర్ పొడి (ఆల్క్ పెంచేది; ఆల్క్ అంటే ఆల్కలినిటీ, ముఖ్యంగా నీళ్లలోని బైకార్బొనేట్ నిల్వ, కొలిచేది డీకేహెచ్‌లో), బుధవారం కాల్షియం సీసా. బఫర్ వేశాక ఆల్క్ 9.6, మళ్లీ ఆదివారం బఫర్ వేసే ముందు 6.4. కాల్షియం ఎంత పోసినా 380 దగ్గరే ఆగిపోతోంది. మెగ్నీషియం 1200, నైట్రేట్ సున్నా, ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో 1.024. ఆక్రోపోరా కొసలు తెల్లబడుతున్నాయి. ఈ రెండూ నిలకడగా ఉండాలంటే ఏ ప్రొడక్ట్ కొనాలి, ఏ నంబర్ పట్టుకోవాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. మీకు కాల్షియం సమస్య లేదండీ. ఉప్పు తక్కువైంది. ఆల్క్ విషయంలో మాత్రం కోరల్స్‌కి ఆదివారం విందు, మిగతా వారమంతా పస్తు. ముందు ఉప్పు 35 పీపీటీకి (కిలో నీళ్లలో 35 గ్రాములు) తెచ్చుకోండి. ఆ తర్వాత ట్యాంకు రోజుకు ఎంత ఆల్క్ తింటోందో కొలిచి, ఏ రోజు ఖర్చు ఆ రోజే వేయండి, దానికి సరిపడా కాల్షియంతో సహా. మీరు పట్టుకునే అంకె 7.5 అయినా, 8.5 అయినా పెద్ద తేడా లేదు. నిన్న ఉన్నదే ఇవాళా ఉండాలి, అంతే. ప్రొడక్ట్ అంటారా, మీ ట్యాంకుకు సరిపోయేది కిరాణా దుకాణం ధరలోనే దొరుకుతుంది. దాని సంగతి కింద రాస్తాను.

మొదట ఉప్పు. సముద్రపు నీళ్లు 35 పీపీటీ దగ్గర ఉన్నప్పుడు అందులో కాల్షియం 420 పీపీఎం (పదిలక్షల్లో 420 వంతులు) దగ్గర, మెగ్నీషియం 1300కి కాస్త అటూఇటూ, ఆల్క్ 7 డీకేహెచ్ దగ్గర ఉంటాయి. మీ 1.024 అంటే సుమారు 32 పీపీటీ. 420ని 32తో గుణించి 35తో భాగించండి, 384 వస్తుంది. 1300ని అలాగే చేస్తే 1190. మీరు కొలిచిన 380, 1200 అవే కదా! నీళ్లే పల్చగా ఉన్నప్పుడు అందులోని ప్రతిదీ అదే నిష్పత్తిలో తక్కువ చూపిస్తుంది. దాన్ని సీసాలతో నింపబోతే రెండు మూడు అంకెలు సరైనట్టు కనిపిస్తాయి, పొటాషియం, స్ట్రాన్షియం లాంటి మీరు కొలవనివన్నీ తక్కువగానే ఉండిపోతాయి.

అయితే రిఫ్రాక్టోమీటర్ నిజమే చెబుతోందో లేదో ముందు చూసుకోండి. ఆర్‌ఓడీఐ (లవణాలన్నీ తీసేసిన శుద్ధ) నీళ్లతో సున్నా సెట్ చేసి వదిలేస్తే చాలదు, 35 పీపీటీ స్టాండర్డ్ ద్రావణం కొని దానితో సరిచూడాలి. నిజంగానే 32 ఉందని తేలితే, ఆవిరైపోయే నీళ్ల స్థానంలో కొన్నాళ్లు మంచినీళ్లు కాకుండా ఉప్పునీళ్లే పోయండి. మీ సైజు ట్యాంకులో రోజుకు గ్యాలన్ దాకా ఆవిరవుతుంది, ట్యాంకు, సంప్ కలిపి రాళ్లూ ఇసుకా పోగా నీళ్లు 246 లీటర్ల దాకా ఉంటాయి. ఆ లెక్కన రోజుకు అర పీపీటీ పెరుగుతుంది. ఐదారు రోజుల్లో 35కి వస్తారు. అంతకంటే తొందర వద్దు.

ఇక అసలు విషయం. కోరల్ కట్టుకునే ఎముక కాల్షియం కార్బొనేట్. ఒక్కో కాల్షియం అయానుకి రెండు బైకార్బొనేట్లు ఖర్చవుతాయి. ఒకటి ఎముకలో చేరుతుంది, ఇంకొకటి కార్బన్ డయాక్సైడ్ అయిపోతుంది. యూనిట్లు మార్చి చూస్తే 1 డీకేహెచ్ ఆల్క్ ఖర్చయిన చోట కాల్షియం తగ్గేది 7 పీపీఎం మాత్రమే. ఆల్క్ ఉన్నదే 8, అందులో 1 పోతే ఎనిమిదో వంతు పోయినట్టు. కాల్షియం 420లో 7 పోతే అరవయ్యో వంతు. మీ వారం లెక్కే తీసుకోండి: 9.6 నుంచి 6.4కి, అంటే 3.2 డీకేహెచ్ పడిపోయింది. అదే వారంలో పోయిన కాల్షియం 23 పీపీఎం. రంగు మారే చోట కన్ను కాస్త తడబడితే కాల్షియం కిట్‌లో ఆ తేడా సగం అక్కడే మాయమవుతుంది. అందుకే మీకు కాల్షియం కదలనట్టూ, ఆల్క్ పిచ్చిగా ఊగుతున్నట్టూ కనిపిస్తోంది. రెండూ ఒకే పనికి, ఒకే నిష్పత్తిలో ఖర్చవుతున్నాయి.

దీన్నుంచి నేను పాటించే పద్ధతి ఒకటే. ఆల్క్‌ని తరచుగా కొలుస్తాను, కాల్షియంని పదిహేను రోజులకోసారి, మెగ్నీషియంని నెలకోసారి. రోజూ కాల్షియం కొలిచి తలనొప్పి తెచ్చుకునేవాళ్లని చాలామందిని చూశాను. ఆల్క్ ఖర్చు కచ్చితంగా తెలిస్తే కాల్షియం ఖర్చు దానంతట అదే తెలిసిపోతుంది, కిట్‌తో పనిలేకుండా.

మీరు ఇచ్చిన అంకెల నుంచే మీ ట్యాంకు ఆకలి సుమారుగా తెలుస్తోంది: 3.2ని 7తో భాగిస్తే రోజుకు 0.46 డీకేహెచ్. దీన్ని ఉజ్జాయింపుగానే తీసుకోండి. ఆల్క్ ఎక్కువగా ఉన్న రోజుల్లో కోరల్స్ కొంచెం ఎక్కువ లాక్కుంటాయి. ఆదివారం ఒక్కసారిగా పొడి పోసినప్పుడు కొంత హీటర్ మీదా పంపుల మీదా తెల్లటి పెచ్చుగా కూర్చునే ఉంటుంది. హీటర్ తీసి చూడండి, గోరుతో గీకితే గరగరలాడే పొర ఉంటే మీ బఫర్‌లో కొంత భాగం కోరల్స్‌కి చేరలేదన్నమాట.

అసలు లెక్క ఇలా తేల్చుకోండి. ఉప్పు సరిచేశాక ఆల్క్ 8.5 దగ్గర ఉన్న రోజు నుంచి అన్నీ ఆపేయండి: బఫర్, కాల్షియం, నీళ్ల మార్పిడి. రోజూ ఒకే టైముకి, లైట్లు వెలిగే ముందు అనుకోండి, ఆల్క్ కొలవండి. మూడు రోజులు చాలు. 7కి వస్తే అంతకుముందే ఆపేయొచ్చు. మొదటి అంకెలోంచి చివరిది తీసేసి రోజులతో భాగించండి. ఒకే టైము అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, వెలుతురు ఉన్నప్పుడు కోరల్స్ వేగంగా కడతాయి, రాత్రి నెమ్మదిగా. ఒకరోజు పొద్దున, మరో రోజు రాత్రి కొలిస్తే ఆ తేడా కూడా మీ లెక్కలో కలిసిపోతుంది.

కిట్ మీద అనుమానముంటే దాన్ని పరీక్షించే ఉపాయం ఉంది. బంగారం తూచే చిన్న స్కేలు మీద 2.1 గ్రాముల వంటసోడా తూచి లీటరు ఆర్‌ఓడీఐ నీళ్లలో కరిగించండి. అందులోంచి 100 మిల్లీలీటర్లు తీసి, మంచి ఆర్‌ఓడీఐ నీళ్లతో మళ్లీ లీటరు చేయండి. దాని ఆల్క్ 7 డీకేహెచ్. మీ కిట్ 7.6 చూపిస్తే ఎప్పుడూ 0.6 ఎక్కువ చూపిస్తోందని అర్థం, కొత్త కిట్ కొననక్కర్లేదు. హానా చెకర్ (రంగుని కాంతితో కొలిచే చిన్న డిజిటల్ మీటర్) వాడితే గాజు సీసాని ప్రతిసారీ మెత్తటి బట్టతో తుడవండి. వేలిముద్ర పడినా, లోపల బుడగ అంటుకున్నా అంకె మారిపోతుంది. రియేజెంట్ (పరీక్షలో కలిపే రసాయనం) కొత్త బ్యాచ్ తెరిచిన రోజు పాతదానితో కూడా ఒకసారి కొలిచి పోల్చుకోండి. "నిన్న రాత్రి ఆల్క్ దానంతట అదే పెరిగింది" అని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే.

ఇప్పుడు ఏం వేయాలి. మీ ఆకలి రోజుకు 0.46 దగ్గరే ఉందని తేలితే నా ఓటు సున్నపు తేటకి. ఇక్కడి వాళ్లు కాల్క్‌వాసర్ అంటారు. పీటర్ విల్కెన్స్ అనే ఆక్వేరియం నిపుణుడు 1970లలో దీన్ని ప్రచారంలోకి తెచ్చారు, ఇప్పటికీ ఇంత చవకైన పద్ధతి ఇంకోటి రాలేదు. కాల్షియం, ఆల్క్ రెండూ కోరల్‌కి కావాల్సిన నిష్పత్తిలోనే వెళ్తాయి కాబట్టి ఒకటి పెరిగి ఇంకొకటి తగ్గే బాధ లేదు. వెనకాల ఉప్పు మిగలదు. పీహెచ్ కూడా కొంచెం పెరుగుతుంది.

మీ లెక్క: 246 లీటర్లకు 0.46 డీకేహెచ్ అంటే రోజుకు కాల్షియం హైడ్రాక్సైడ్ గ్రామున్నర. ఆటో టాప్ ఆఫ్ (ఆవిరైన నీళ్లని తనంతట తానే నింపే ఏర్పాటు) డబ్బా 20 లీటర్లది అనుకుంటే, రోజుకు గ్యాలన్ చొప్పున ఐదు రోజులకు పైగా వస్తుంది. అందుకని 20 లీటర్ల ఆర్‌ఓడీఐ నీళ్లకు 8 గ్రాముల సున్నం. కలిపి మూత పెట్టండి, కాసేపు తేరనివ్వండి, పంపుని అడుగుకు ఆనించకుండా నాలుగు వేళ్ల ఎత్తున పెట్టండి. మూత లేకపోతే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి పైన పలకలా పొర కడుతుంది. ఆ పొరలోకి వెళ్లిన సున్నం ట్యాంకుకు రాదు.

పచ్చళ్లకు వాడే పిక్లింగ్ లైమ్ వాల్‌మార్ట్‌లో క్యానింగ్ సామాన్ల దగ్గర దొరుకుతుంది, అది బాగా పనిచేస్తుంది. ఇండియన్ స్టోర్‌లో దొరికే కిళ్లీ సున్నం డబ్బా మాత్రం తేకండి, అందులో ఇంకేం కలిపారో మనకు తెలీదు. చిక్కటి సున్నపు తేట పీహెచ్ 12 దాటి ఉంటుంది. కలిపేటప్పుడు కళ్లద్దాలు, చేతులకు గ్లవుజులు, పిల్లలు దగ్గర లేకుండా చూసుకోండి.

దీనితో ఉన్న అసలు ప్రమాదం టాప్ ఆఫ్ ఆగకుండా నడవడం. మా ఊళ్లోనే ఒక మిత్రుడి సంప్‌లో నత్త ఎక్కి ఫ్లోట్ స్విచ్ మీద కూర్చుంది, స్విచ్ పైకి లేవలేదు, పంపు ఆగలేదు. ఆయన డబ్బాలో ఉన్నది చిక్కటి తేట, అంటే లీటరుకు గ్రామున్నర పైన. మీ ట్యాంకులో అలాంటి తేట 20 లీటర్లూ ఒకేసారి పడితే ఆల్క్ 9 డీకేహెచ్ పైగా పెరుగుతుంది, నీళ్లు పాలలా తెల్లబడతాయి. పైన చెప్పిన 8 గ్రాముల లెక్కలో అదే ప్రమాదం జరిగితే పెరిగేది రెండున్నర. అదీ మంచిది కాదు, కానీ ట్యాంకు బతుకుతుంది. కాబట్టి పల్చగా కలపండి, డబ్బా చిన్నదిగా ఉంచండి, ఫ్లోట్ స్విచ్ చుట్టూ జాలీ పెట్టండి, ఇంకో సెన్సర్ అదనంగా పెట్టండి. అన్నిటికంటే ముఖ్యం, టాప్ ఆఫ్ పంపు నిదానంగా పోసేదై ఉండాలి.

ఇంకో చిక్కు కూడా ఉంది. సున్నం ఎంత వెళ్తుందన్నది ఎంత ఆవిరైందన్న దాని మీద ఆధారపడుతుంది. చలికాలంలో హీటింగ్ నడిచే పొడి రోజుల్లో ఎక్కువ, వాన ముసురులో తక్కువ. ఆ తేడా చిన్నదే అయినా, సీజన్ మారినప్పుడు ఆల్క్ కొలవడం మానకండి.

కోరల్స్ పెరిగే కొద్దీ ఆకలి పెరుగుతుంది. రోజుకు గ్యాలన్ చిక్కటి తేట పోసినా మీకు వచ్చేది 1.75 డీకేహెచ్ మాత్రమే. అది దాటితే టూ పార్ట్‌కి (కాల్షియం, ఆల్క్ రెండు వేర్వేరు ద్రావణాలుగా పోసే పద్ధతి) మారాలి, లేదా తేటతో పాటు అదీ నడపాలి. ఖరీదైన సీసాలు అక్కర్లేదు. రీఫ్ ట్యాంకుల రసాయనం మీద రాసే కెమిస్ట్ రాండీ హోమ్స్ ఫార్లీ గారు 2006లో ప్రచురించిన తయారీ లెక్క ఈ రోజుకీ చాలామంది వాడుతున్నారు: ఒక గ్యాలన్ నీళ్లలో 500 గ్రాముల కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్. ఇంకో గ్యాలన్‌లో 594 గ్రాముల వంటసోడా, ముందుగా అవెన్‌లో 300 డిగ్రీల ఫారన్‌హీట్ మీద గంటసేపు పరిచి కాల్చినది. కాల్చడం ఎందుకంటే బైకార్బొనేట్ కార్బొనేట్‌గా మారుతుంది, నీళ్లలో ఎక్కువ కరుగుతుంది, పీహెచ్ పెంచుతుంది. కాల్షియం క్లోరైడ్ కరిగేటప్పుడు గిన్నె బాగా వేడెక్కుతుంది, మెల్లగా కలపండి. బేకింగ్ సోడా తేవాలి, బేకింగ్ పౌడర్ కాదు. రెంటికీ తేడా తెలియక కొన్నవాళ్లున్నారు, నవ్వకండి.

ఈ సోడా ద్రావణం 47 మిల్లీలీటర్లు మీ 246 లీటర్లలో పడితే 1 డీకేహెచ్ పెరుగుతుంది. 0.46 అయితే 22 మిల్లీలీటర్లు. కాల్షియం ద్రావణం కూడా అంతే కొలత. రెండూ ఎప్పుడూ సమానం. డోసింగ్ పంపు ఉంటే రోజంతటికీ పంచేయండి, ఆల్క్ ద్రావణం ఎక్కువగా రాత్రి పడేలా పెట్టండి, ఎందుకంటే పీహెచ్ పడిపోయేది రాత్రిళ్లే. రెండు గొట్టాలూ పక్కపక్కన పెట్టొద్దు. నీటి వేగం ఉన్న చోట, దూరదూరంగా, కనీసం అరగంట తేడాతో పడాలి. గొట్టం కొసలు నీళ్లకు తగలకుండా పైనే ఉండాలి, లేకపోతే కొస తెల్లగా గడ్డకట్టి మూసుకుపోతుంది. పంపు పోసే కొలతని నెలకోసారి మెజరింగ్ సిలిండర్‌లో పట్టి చూడండి, లోపలి ట్యూబు అరిగే కొద్దీ తగ్గుతూ వస్తుంది.

టూ పార్ట్‌లో సోడియం, క్లోరైడ్ నీళ్లలోనే మిగిలిపోతాయి. మీ వాడకానికే నీళ్లు మార్చకుండా ఏడాది నడిపితే ఉప్పు 3.5 పీపీటీ దాకా ఎక్కుతుంది. సున్నపు తేటకి ఈ గొడవ లేదని అన్నది అందుకే.

నీళ్ల మార్పిడి గురించి ఒక మాట. ఉప్పు బకెట్ మీద ఉన్న ఆల్క్ చూసి కొనండి. కొన్నిట్లో 12 డీకేహెచ్ దగ్గర ఉంటుంది, కొన్నిట్లో 7, 8. మీరు ట్యాంకుని 7.5లో ఉంచి, 12 ఉన్న ఉప్పుతో ఐదో వంతు నీళ్లు మారిస్తే, ఆ గంటలోనే 0.9 పెరుగుతుంది. ఇంత కష్టపడి తెచ్చుకున్న నిలకడ బకెట్ నీళ్లతో పోతుంది. మీరు పట్టుకునే అంకెకు దగ్గరగా ఉన్న ఉప్పే వాడండి.

తెల్లబడిన కొసలు: గంటలో మూడు డీకేహెచ్ ఎక్కడం, పైగా నైట్రేట్ సున్నా. ఈ రెండూ కలిస్తే ఆక్రోపోరా కొసలు మాడడం నేను చాలా ట్యాంకుల్లో చూశాను. తిండి లేనప్పుడు ఎముక వేగంగా పెరిగినా దాని మీద కండ కప్పుకోలేకపోతుంది. చేపలకు మేత కొంచెం పెంచి నైట్రేట్‌ని 2 నుంచి 10 మధ్యకి రానివ్వండి, ఆల్క్‌ని 7.5, 8 మధ్యలో ఉంచండి. కింది కండ బాగానే ఉంటే ఆ కొసలు కత్తిరించొద్దు, కొన్ని వారాల్లో మళ్లీ కప్పుకుంటాయి.

పీహెచ్ కోసం బఫర్ వేయకండి. మీ ప్రశ్నలో ఆ మాట లేదు కానీ, బఫర్ పొడి ఇంటికి వచ్చేది సాధారణంగా ఈ కారణంతోనే. మన ఇళ్లు బిగుతుగా కట్టినవి, ఏసీకో హీటింగ్‌కో కిటికీలు ఎప్పుడూ మూసే ఉంటాయి. ఇంట్లో జనం ఎక్కువైతే గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, ట్యాంకు పీహెచ్ పడిపోతుంది. ఆదివారం పొద్దున గ్యాస్ పొయ్యి మీద పదిమందికి పెసరట్లు వేస్తుంటే మా ట్యాంకు కంట్రోలర్‌లో పీహెచ్ గీత దిగిపోవడం స్పష్టంగా కనిపిస్తుంది, మధ్యాహ్నం అందరూ వెళ్లాక ఎక్కుతుంది. దానికి మందు కిటికీ, లేదా స్కిమ్మర్ (గాలి బుడగలతో నీళ్లలోని మురికి తీసే పరికరం) గాలి గొట్టాన్ని బయటికి పెట్టడం. బఫర్ వేస్తే పీహెచ్ కాసేపే పెరుగుతుంది, ఆల్క్ మాత్రం ఎక్కి కూర్చుంటుంది.

మెగ్నీషియం మీకు ఉప్పుతోనే సరిపోతుంది. 1250కి తక్కువైతేనే పట్టించుకోండి. అది తగ్గితే కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు అడ్డూఆపూ లేకుండా పంపుల మీద పెరుగుతాయి, మీరు ఎంత పోసినా ఆల్క్ నిలవదు.

ఒకసారి కుదురుకున్నాక గమనించాల్సింది ఇంకొకటి ఉంది. ఆల్క్ పడిపోతే అందరూ కంగారుపడతారు, వేసే మోతాదు మారకుండా ఆల్క్ పెరుగుతుంటే ఎవరూ పట్టించుకోరు. నాకైతే రెండోదే ఎక్కువ భయం. కోరల్స్ ఎముక కట్టడం ఆపేశాయని దానర్థం. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో మా ఇంట్లో కరెంటు పోయి ట్యాంకు బాగా చల్లబడింది. కరెంటు వచ్చాక చూస్తే కోరల్స్ రంగు బాగానే ఉంది, పాలిప్స్ (కోరల్ మీద పువ్వుల్లా విచ్చుకునే చిన్న జీవులు) కూడా కొన్ని తెరుచుకున్నాయి. కానీ మర్నాడు ఆల్క్ 0.4 పెరిగింది, ఆ తర్వాతి రోజు ఇంకో 0.4. వెంటనే డోసు సగానికి తగ్గించాను. వారం దాటాక రెండు ఆక్రోపోరాలకు అడుగు నుంచి కండ ఊడడం మొదలైంది, మిగతావి నిలబడ్డాయి. కళ్లకు కనపడే ముందే ఆల్క్ చెప్పేసింది. అలా పెరుగుదల కనిపిస్తే డోసు తగ్గించి, వేడి, ఉప్పు, లైటు, పురుగులు వరసగా చూసుకుంటూ రండి.

హైదరాబాద్, విశాఖ నుంచి ఇది చదివేవాళ్లకు: మన దేశంలో రాతి పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. ఎవరైనా తెచ్చిస్తామన్నా కొనకండి. చేపలు, రాళ్లతో నడిపే ఉప్పునీటి ట్యాంకులో ఆల్క్ ఖర్చు చాలా తక్కువ, నీళ్ల మార్పిడితోనే సరిపోతుంది, ఈ డోసింగ్ ఏదీ అక్కర్లేదు.

మీరు ముందు రిఫ్రాక్టోమీటర్ సరిచూసి ఆ అంకె ఇక్కడ పెట్టండి, వీలైతే ఫాస్ఫేట్ కూడా. ఉప్పు 35కి వచ్చేదాకా సున్నం డబ్బా తెరవొద్దు, ఆ ఐదారు రోజులూ టాప్ ఆఫ్‌లో ఉప్పునీళ్లే కదా వెళ్లాల్సింది. ఈలోపు ఆల్క్ 7 కిందికి జారితే రోజుకు 3.4 గ్రాముల మామూలు వంటసోడా గ్లాసు ఆర్‌ఓడీఐ నీళ్లలో కరిగించి, సంప్‌లో నీళ్లు వేగంగా పారే చోట రెండు విడతలుగా పోయండి.